మనుష్యఋణము

కృష్ణాడెల్టాలోని ఒక చిన్న గ్రామమున, ప్రాథమిక పాఠశాల వరండాలో, జాతీయ సేవాపథకపు ఏడుదినముల ప్రత్యేక శిబిరము ముగియనున్న రాత్రి, పగలంతయు మురుగుకాలువ త్రవ్వి అరచేతులు బొబ్బలెక్కిన డిగ్రీ విద్యార్థులు చాపలపై వాలి నిద్రకు సిద్ధపడుచుండగా, వారిలో ఒక బాలిక నాయొద్దకు వచ్చి, చాలసేపటినుండి మనసులో అణచుకొన్న సందేహమును ఇక అణచుకొనలేక, "మాస్టారూ, సర్టిఫికెట్ కోసం చేసింది సేవ అవుతుందాండీ?" అని అడిగినది. శిబిరమునకు బాధ్యుడనైన అధ్యాపకుడను నేనే కావున సమాధానము చెప్పవలసినవాడను నేనే. మంచిపని ఏ కారణముచేత చేసినను మంచిపనియే యను ధోరణిలో నాలుగు మాటలు పలికి ఆమెను పంపివేసితిని. ఆ మాటలు ఆమెకు తృప్తి కలిగింపలేదని ఆమె ముఖము చెప్పినది. నాకును కలిగింపలేదని పిమ్మట గడచిన దినములు చెప్పినవి. ఆ రాత్రి చెప్పలేకపోయినదానిని ఇప్పుడైనను కొంత స్పష్టముగా చెప్పవలెనని ఈ ప్రయత్నము.

ఆ ప్రశ్న ఆ బాలిక ఒక్కతెది కాదు. స్వతంత్రభారతము తన బాల్యమునుండియు దానిని వేసికొనుచునే యున్నది. సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారి అధ్యక్షతన 1948లో ఏర్పడిన విశ్వవిద్యాలయ విద్యాసంఘము, విద్యార్థులు దేశసేవ చేయవలసినదే గాని అది వారి ఇష్టమును బట్టియే జరుగవలెనని తలచినది. పదేండ్లు గడచి 1959 వచ్చునప్పటికి సి.డి. దేశముఖ్ గారి సంఘము దానిని నిర్బంధము చేయుటయే మేలని సూచించినది. తుదకు గాంధీజీ శతజయంతి వత్సరమున, 1969 సెప్టెంబరు 24వ తేదీన, విద్యామంత్రి వి.కె.ఆర్.వి. రావుగారు 37 విశ్వవిద్యాలయములలో జాతీయ సేవాపథకమును ఆరంభించినప్పుడు ఇష్టపక్షమే నెగ్గినది. రెండేండ్లలో 240 గంటల సేవ చేసినవారికి యోగ్యతాపత్రము లభించును. ఆంధ్రప్రదేశమున 2020–21 విద్యాసంవత్సరము మొదలు డిగ్రీ చదువులో ఇంటర్న్‌షిప్పు తప్పనిసరియై, మొదటి యేడు ముగిసినపిమ్మట సమాజసేవా ప్రాజెక్టొకటి విద్యార్థి చేసి తీరవలసిన పనులలో చేరుటతో త్రాసు మఱల నిర్బంధమువైపు మొగ్గినది. స్వచ్ఛందమనగా తన ఇష్టము. ఇష్టమునకు గంటలు లెక్కించి మార్కులు వేయుట యెట్లు? ఇష్టమే లేని చోట దానికి సేవయను పేరు నిలుచునా? ఇది పరిపాలకులకు సంబంధించిన చిక్కుగా కనబడును గాని, లోనికి దిగినకొలది ధర్మశాస్త్రపు చిక్కుగా, వేదాంతపు చిక్కుగా మాఱిపోవును.

ఇట్టి ప్రశ్న పుట్టినంతనే మనవారు భగవద్గీతను ముందుకు తెత్తురు. ఫలాపేక్ష లేని కర్మయే కర్మ యనియు, సర్టిఫికెట్టు ఫలము గనుక దానిని కోరి చేసినది సేవ కాదనియు రెండు ముక్కలలో తేల్చివేయుదురు. ఈ తీర్పు వినుటకు గంభీరముగానే యుండును. కాని పదునెనిమిదేండ్ల పిల్లవానికి దీనివలన కలుగు మేలు స్వల్పము. ఏలయన నిష్కామత గీతలో సాధనకు ప్రవేశరుసుము కాదు, సాధకుడు క్రమముగా ఎక్కవలసిన మెట్టు. జనకాదులు కర్మచేతనే సిద్ధిని పొందిరని చెప్పి లోకసంగ్రహమును ఉపదేశించిన ఆ ఆచార్యుడే, అంతకు ముందు రెండవ అధ్యాయమున, విల్లు జారవిడిచి కూలబడిన శిష్యునితో కీర్తిని గూర్చియు, అపకీర్తిని గూర్చియు, గెలిచినచో దక్కు రాజ్యమును గూర్చియు, మరణించినచో దక్కు స్వర్గమును గూర్చియు మాటలాడుటకు సంకోచింపలేదు. మీమాంసకులు దీనికి గుడజిహ్వికాన్యాయమని పేరు పెట్టిరి: వేపరసము మ్రింగని శిశువు నాలుకపై తల్లి ముందుగా బెల్లము రాచును. బెల్లము తప్పు కాదు. బిడ్డ బెల్లము చప్పరించి వేపరసమును ఉమిసివేసినచో కీడు. అంతకంటె పెద్ద కీడు, గిన్నెలో వేపరసమే లేక బెల్లము మాత్రమే యుండుట. కావున విద్యార్థి సర్టిఫికెట్టును కోరుచున్నాడా యని విచారించుటకంటె, ఆ సర్టిఫికెట్టు వెనుక మనము అతనికి త్రాగించుచున్నదేమి యని విచారించుట పెద్దలకు తగిన పని.

ఈ విచారణలో నాకు ఛాందోగ్యోపనిషత్తు నాలుగవ అధ్యాయమునకు మించిన తోడు దొరకలేదు. తండ్రి పేరెఱుగని సత్యకాముడు తల్లి చెప్పిన నిజమును దాచక హారిద్రుమత గౌతముని యెదుట విన్నవించి శిష్యుడైనపుడు, ఆ గురువు అతనికి మొదటి దినమున పాఠము చెప్పలేదు; మందలోనుండి బక్కచిక్కిన ఆవులను నాలుగువందలను ఏఱి, వీని వెంట పొమ్మనెను. అవి వేయి కానిదే తిరిగి రానని బాలుడు ప్రతిన పట్టి యరణ్యమునకు పోయెను. ఎన్ని వర్షములు, ఎన్ని యెండలు, ఎన్ని యీతలు గడచినవో గాని మంద వేయియైన దినమున, ఆ మందలోని వృషభమే నోరు విప్పి బ్రహ్మముయొక్క ఒక పాదమును అతనికి చెప్పెను. దారిలో అగ్ని యొక పాదమును, హంస యొక పాదమును, నీటికాకి యొక పాదమును చెప్పినవి. ఇందు నన్ను ఆకర్షించినది ఆ బోధకుల క్రమము. నాలుగువందల బలహీనజీవములను ఒకడు తన చేతులతో కాపాడి వేయి చేసినమీదట, వాని చేతిక్రింద బ్రదికిన జంతువే వానికి మొదటి యుపాధ్యాయుడైనది. గురువు చెప్పక దాచినదేదియు లేదు. చెప్పుటకు తగిన చెవిని ముందుగా ఆవులచేత తయారు చేయించినాడు. సత్యకాముడు తిరిగివచ్చి, మనుష్యులు కానివారు నాకు చెప్పిరి, అయినను మీ నోట వినగోరుచున్నానని ప్రార్థించెను. గురువు ఏమియు కొఱత పడకుండ అదంతయు మఱల చెప్పెను. పనియు పాఠమును ఇంత చక్కగా ఒకదానినొకటి వెదకికొన్న కథ వేఱొకటి నేనెఱుగను.

అయితే ఉపనిషత్కర్త యిక్కడ ఆగలేదు, ఆ వెంటనే దీని చీకటి ప్రక్కను కూడ చూపినాడు. అదే సత్యకాముడు కాలక్రమమున తాను గురువై, ఉపకోసలుడను శిష్యునిచేత పండ్రెండేండ్లు తన యగ్నులకు పరిచర్య చేయించుకొని, తక్కిన శిష్యులకెల్ల సమావర్తనము చేసి ఇండ్లకు పంపి, ఇతనికి మాత్రము ఒక్క మాటయు చెప్పక యుంచెను. ఈ బాలుడు కష్టపడి పనిచేసినాడు, అగ్నులు నిన్ను నిందింపకమునుపే ఇతనికి చెప్పుమని భార్య వేడుకొన్నను వినక ఊరు విడిచి పోయెను. ఉపకోసలుడు దుఃఖముచేత అన్నము మానెను. అప్పుడు, అతడు పండ్రెండేండ్లు ఆఱిపోకుండ కాచిన ఆ యగ్నులే తమలో తాము ఆలోచించుకొని అతనిపై జాలి గొని ఉపదేశించినవి. కార్యాలయములలోను సంస్థలలోను ఇంటర్నులను చేర్చుకొని, నెలల తరబడి జిరాక్సు ప్రతులు తీయించి, టీ తెప్పించి, కడపట ఒక కాగితము చేతిలో పెట్టి పంపు పెద్దలను చూచినప్పుడెల్ల నాకు ఆ యిల్లాలి హెచ్చరిక జ్ఞప్తికి వచ్చును. పిల్లలచేత చిన్న పని చేయించుట దోషము కాదు. ఆవులు కాయుటకంటె, నిప్పు చూచుటకంటె చిన్న పని యేది? ఆ పని దేనిలో భాగమో వారికి చెప్పకుండుట దోషము. అగ్నులు మాటలాడు కాలము పోయినది గనుక, మన యుపకోసలులు అన్నము మానుటతోనే కథ ముగిసిపోవుచున్నది.

చిన్న పనిలో ఇమిడియున్న విద్యను ఎఱిగిన పెద్దవాడొకడు మన కాలమునకు సమీపమునే యుండెను. 1901లో కలకత్తా కాంగ్రెసుకు పోయిన గాంధీజీ, అచ్చటి వాలంటీర్లు ఒకరు చేయవలసిన పనిని మఱియొకరికి, వారు మూడవవారికి నెట్టుచుండుటయు, పాయిఖానాల కంపు భరింపరాకున్నను అది తమ పని కాదని వారు తొలగిపోవుటయు చూచి, చీపురడిగి తెచ్చుకొని తనకు కావలసినంత మేర తాను శుభ్రము చేసికొనెను. పిమ్మట కార్యాలయమునకు పోయి ఏదైన పని యిమ్మని కార్యదర్శులలో ఒకరైన ఘోషాల్ గారిని అడిగి, గుట్టపడియున్న ఉత్తరములకు జవాబులు వ్రాసెను; ఘోషాల్ గారి చొక్కా బొత్తాములు పెట్టుటకును వెనుదీయలేదు. అప్పటికే గాంధీజీ బారిష్టరు, దక్షిణాఫ్రికాలో పేరు మోసినవాడు. ఆ కొలది దినములలో కాంగ్రెసు నడచు తీరును, దాని లోపములను లోపలినుండి తెలిసికొంటినని ఆయనయే వ్రాసికొన్నాడు. పదునాలుగేండ్ల తరువాత ఆయన స్వదేశమునకు వచ్చి నిలిచినపుడు గోఖలేగారు ఆయనచేత, ఒక సంవత్సరము దేశమంతయు తిరిగి చూడవలెననియు, అంతవఱకు ప్రజావిషయములపై అభిప్రాయము ప్రకటింపరాదనియు మాట తీసికొనిరి. నలువదియైదేండ్ల వయస్సున ఒక నాయకుడు స్వీకరించిన శిక్షణ, ఒక యేటి మౌనము! నేడు మనము యువజనులకు నాయకత్వ శిక్షణ యను పేరిట ముందుగా నేర్పునది వేదికపై మాటలాడుట.

ఇప్పుడు ఆ శిబిరములో జరిగినదానిని పూర్తిగా చెప్పవలెను. నా వైఫల్యము ఆ రాత్రి సమాధానములో లేదు, అంతకు రెండు దినములు ముందే జరిగిపోయినది. విద్యార్థులు పార పట్టి కాలువ త్రవ్వుచుండగా అరుగుపై కూర్చున్న ఒక ముసలవ్వ, "ఈ కాలవకి డబ్బులొచ్చాయని పోయినేడే చెప్పారుగా నాయనా! మరి మీ పిల్లకాయలచేత ఊరికే తవ్విస్తారేంటి? ఆ డబ్బులేమైనట్టు?" అనినది. విద్యార్థులు నావైపు చూచిరి. "అది మన పని కాదు, మనం వచ్చింది కాలవ తవ్వటానికి" అని నేను వారిని మఱల పనికి మరల్చితిని. ఊరివారితో తగవులు వచ్చునేమో యను పిఱికితనమును క్రమశిక్షణ యను మాటతో కప్పుకొంటిని. కాలువ త్రవ్వినాము, ఫొటో తీయించుకొన్నాము, సర్పంచిగారు శాలువలు కప్పినారు. మఱుసటి సంవత్సరము ఆ త్రోవను పోయినపుడు చూచితిని: కాలువ బురదతోను ప్లాస్టిక్కు కవర్లతోను మునుపటివలెనే పూడి యున్నది.

ఆ ముసలవ్వ ప్రశ్నయు ఆ బాలిక ప్రశ్నయు ఒకటేయని నాకు తెలియుటకు చాలకాలము పట్టినది. రెండిటికిని మూలము ఒక్కటే: మేము చేయుచున్నది దానమని మేము భావించితిమి. దానమని భావించినంతవఱకు, ప్రతిఫలము కోరినచో అది దానమగునా యను సందేహము ఆ బాలికకు తప్పదు. ఇచ్చుచున్నవారిని లెక్క అడుగు హక్కు తీసికొనువారికి లేదు గనుక ముసలవ్వ నోరు మూయించుటకు నావంటివానికి ధైర్యము కలుగును. అయితే మన పూర్వులు దీనికి వేఱొక పేరు కూడ ఇచ్చియున్నారు. బ్రాహ్మణుడు మూడు ఋణములతో జన్మించునని తైత్తిరీయసంహిత చెప్పగా, శతపథబ్రాహ్మణము దేవఋణము, ఋషిఋణము, పితృఋణము అను ఆ మూటితో ఆగక నాలుగవదియైన మనుష్యఋణమును కూడ చేర్చినది. యజ్ఞముచేత మొదటిది, అధ్యయనముచేత రెండవది, సంతతిచేత మూడవది తీరునట్లు, సాటి మనుష్యులకు వసతియు అన్నమును సమకూర్చుటచేత ఈ నాలుగవది తీరునట. ఋణత్రయమును గూర్చి విననివారు మనలో లేరు; ఈ నాలుగవదానిని మాత్రము, ఎందుచేతనో, అందఱము మఱచితిమి.

దానమునకును ఋణమునకును నడుమనున్న భేదము మాటలలో స్వల్పము, మనస్సులో అపారము. దానము చేసినవాడు పెద్దవాడగును, పుచ్చుకొన్నవాడు చిన్నవాడగును. ఋణము తీర్చువాడు తలవంచుకొని వచ్చును, రావలసినవాడు తలయెత్తి లెక్క అడుగును. విద్యార్థి చదువుచున్న కళాశాల గోడ, వాడు త్రాగుచున్న మంచినీరు, వాని స్కాలర్‌షిప్పు, వాడు నడచిన బాట, ఆ ముసలవ్వ కొన్న అగ్గిపెట్టెమీది పన్నుతో సహా ఎందఱెందఱో కట్టిన పన్నులతో నిర్మింపబడినవి. వాడు పార పట్టినపుడు ఆమెకు ఉపకారము చేయుటలేదు. పుచ్చుకొన్నదానిలో కొంత తిరిగి ముట్టచెప్పుచున్నాడు. ఇట్లు చూచినపుడు సర్టిఫికెట్టు చిక్కు కూడ సులభముగా విడిపోవుచున్నది. అప్పు తీర్చువాడు నోటు వెనుక జమ వ్రాయించుకొనుట లోకములో సహజము, అందు సిగ్గుపడవలసినదేమియు లేదు. కాని జమ వ్రాయించుకొనుటకే అప్పు తీర్చుచున్నానని ఎవ్వడును అనుకొనడు. 240 గంటలు జమయే. ఋణము తీరిపోయినదని వ్రాసియిచ్చు అధికారము ఏ విశ్వవిద్యాలయమునకును లేదు. నిర్బంధమను పదము వలన మనకు కలుగు సంకోచము కూడ కొంత సడలును. దానమును నిర్బంధింపరాదు గాని ఋణమును జ్ఞాపకము చేయవచ్చును. జ్ఞాపకము చేయుటకును మెడపై కూర్చుండుటకును నడుమ తేడాను మాత్రము కళాశాలలు మఱువరాదు.

చదువు ముగించి ఇంటికి పోవు శిష్యునికి తైత్తిరీయోపనిషత్తులోని ఆచార్యుడు చేసిన బోధను పట్టప్రదానసభలలో నేటికిని వినుచున్నాము. సత్యము పలుకుము, ధర్మము నాచరింపుము అన్న మొదటి మాటలు అందఱికిని కంఠస్థము. దానిలో, ఇచ్చునపుడు ఎట్లు ఇయ్యవలెనో చెప్పిన భాగము మీద మన దృష్టి నిలువదు. శ్రద్ధతో ఇమ్మనిన తరువాత ఆ ఆచార్యుడు హ్రీతో ఇమ్మన్నాడు, భీతితో ఇమ్మన్నాడు. హ్రీ యనగా సిగ్గు, లజ్జ. ఇచ్చువానికి సిగ్గెందుకు? భయమెందుకు? నేనిచ్చుచున్నానను అహంకారము తలయెత్తునేమోయని, ఎదుటివాని మానము గాయపడునేమోయని, ఇయ్యవలసినంత ఇయ్యలేకపోతినేమోయని. అన్నపుపొట్లము అందించుచు అందుకొనువాని ముఖముతో సహా ఫొటో తీసి నలుగురికి పంపు యువకునియందు దయ లేదని నేననను, హ్రీ లేదు. నాయకత్వ శిక్షణ యనుచు ధైర్యము, చొరవ, వాగ్ధాటి మొదలగువానిని ఎన్నింటినో నేర్పుచున్న మనము ఈ రెంటిని, సిగ్గును భయమును, నేర్పుటకు పాఠమేదియు వ్రాసికొనలేదు. ఋణభావమే ఆ పాఠమని నా నమ్మకము.

హ్రీతో, భీతితో పనిచేయువారు ఎదుగలేరు, ఎవనిని ఎదిరింపలేరు అని కొందఱికి శంక కలుగవచ్చును. వారికి 1923 డిసెంబరులో కాకినాడలో నిలిచిన ఒక పదునాలుగేండ్ల బాలికను చూపెదను. కాంగ్రెసు మహాసభతోపాటు జరిగిన ఖద్దరు ప్రదర్శన ద్వారమున వాలంటీరుగా నిలుచుండిన ఆమెకు ఒప్పగించిన పని యొక్కటే: టిక్కెట్టు లేనివారిని లోనికి విడువరాదు. జవాహర్‌లాల్ నెహ్రూ వచ్చిరి. టిక్కెట్టు లేదు. ఆమె ఆపినది. ఎవరిని ఆపుచున్నావో తెలియునా యని నిర్వాహకులు కోపగించినను, టిక్కెట్టు తెచ్చినపిమ్మటనే ఆయనను విడిచినది. నెహ్రూ ఆమె కర్తవ్యనిష్ఠను మెచ్చుకొనెను. ఆమెయే దుర్గాబాయి, 1937లో మద్రాసున ఆంధ్రమహిళాసభను స్థాపించి, రాజ్యాంగసభలో సభ్యురాలై, 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి మొదటి అధ్యక్షురాలైనది. నిర్బంధసేవను సూచించిన దేశముఖ్ గారు ఆమె భర్త. ఈ కథను ఆమె సాహసమునకు ఉదాహరణముగా చెప్పుట వాడుక. నేను దానిని భీతికి ఉదాహరణముగా చదువుదును. తనకు అప్పగించిన ద్వారముపట్ల, అణాలు చెల్లించి లోనికి పోయిన పేరులేని వేలమందిపట్ల ఆమెకు భయమున్నది గనుకనే పెద్దవారిపట్ల భయము లేకపోయినది.

ఆ కోవకు చెందిన పిల్లలను మన కాలములో కూడ చూచితిని. ఉపాధిహామీ చట్టము వచ్చిన పిమ్మట, 2006 మొదలుకొని ఆంధ్రప్రదేశమున సామాజిక తనిఖీ జరుగుచుండగా, కూలికి పోవు కుటుంబములలో పుట్టి ఏదో కొంత చదివిన యువతీయువకులు కొలది దినముల శిక్షణ పొంది, మస్టరు కాగితములను చేతబట్టి ఇంటింటికి పోయి, ఎన్ని దినములు పని చేసితిరి, చేతికి ఎంత వచ్చినది యని అడిగి, జాబు కార్డులతో సరిచూచి, మండలకేంద్రములో ప్రజావేదికపై అధికారుల యెదుట, కూలీల యెదుట చదివి వినిపించెడివారు. అట్టి ప్రజావేదికకు ఒకమాఱు ప్రేక్షకుడనై పోయితిని. మైకు ముందు నిలిచిన కుఱ్ఱవాని చేతులు వణకుచున్నవి. ఒక పేరు చదివి ఇన్ని దినములు పనిచేసినట్లు మస్టరులో నున్నదనగానే, వెనుక వరుసలోనుండి ఒక యామె లేచి, అన్ని దినములు తాను పోలేదని చెప్పినది. తనకు డబ్బు తగ్గునేమో యను తలపు లేక ఆమె నిజము పలికినది. ఆమె మాటను ఆ కుఱ్ఱవాడు వణకుచునే వ్రాసికొనెను. అతడు ఎవరికిని ఏమియు ఇచ్చుటలేదు, ఎవరినుండియు కృతజ్ఞత ఆశించుటలేదు; ఎవరిది వారికి చేరినదా యని లెక్క చూచుచున్నాడు. ఇంతటి సేవను నేను నా శిబిరములలో ఏ యేడును చేయింపలేకపోతిని.

చాపలపై అందఱు నిద్రించిన ఆ రాత్రి ప్రశ్న వేసిన బాలిక, డిగ్రీ ముగిసిన తరువాత ఒక దినమున మా యింటికి వచ్చినది. ఉద్యోగమునకు దరఖాస్తు చేయుచు సర్టిఫికెట్టు నకలుపై సంతకమునకై వచ్చినదేమో యనుకొంటిని. ఆమె సంచిలోనుండి తెల్లకాగితము తీసి, "ఆ కాలవ డబ్బుల సంగతి పంచాయతీని అడుగుదామనుకుంటున్నానండీ, సమాచార హక్కు కింద. ఎలా రాయాలో చెప్తారా మాస్టారూ?" అనినది. గ్రామస్థాయి కార్యాలయమునకైతే రుసుము కట్టవలసిన పని లేదని నేను చెప్పితిని; ఆ సంగతి ఆమెకు ముందే తెలియును. మంజూరైన సొమ్మెంత, ఖర్చైనదెంత, కొలతల పుస్తకము నకలు, పని చేసినవారి పేర్లు, ఇట్లు ఒక్కొక్కటిగా ఇద్దఱము కూర్చుండి వ్రాసితిమి. దరఖాస్తుదారు పేరు వద్ద ఆమె తన పేరు వ్రాసి ఒక క్షణము ఆగినది. కలము అందుకొని దాని క్రింద నా పేరును నేను వ్రాసితిని.